చివరి గంట కూలి

రాజ్యం అనగానే తెలుగు పాఠాలు చెప్పుకునే నాబోటివాడికి సప్తాంగాలు గుర్తుకొస్తాయి: స్వామి, అమాత్యుడు, జనపదం, దుర్గం, కోశం, దండం, మిత్రుడు. యేసు బోధించిన దేవుని రాజ్యంలో స్వామి ఉన్నాడు గాని, కోటా కోశమూ దండూ మచ్చుకైనా కనపడవు. మరి అదేం రాజ్యం?

సువార్తలు మనకు గ్రీకు భాషలో దక్కాయి. అందులో వాడిన 'బసిలేయా' అనే మాటకు ఏలే దేశమనే కాదు, ఏలుబడి అని కూడా అర్థం. చచ్చాక చేరే ఊరనుకుంటే సగం అర్థమే దక్కుతుంది. మనుషుల మధ్య దేవుడి మాట చెల్లడమన్నది తక్కిన సగం. దీనికి యేసు నిర్వచనం చెప్పలేదు. ఆవగింజ, పులిపిండి అంటూ వంటింటి వస్తువులతో కథలు చెప్పాడు.

వాటిల్లో చిక్కైనది మత్తయి సువార్త 20వ అధ్యాయంలోని ద్రాక్షతోట కథ. యజమాని తెల్లవారుతూనే రోజుకొక దేనారానికి కూలీలను కుదుర్చుకున్నాడు. జాము పొద్దెక్కాక కొందరిని, మధ్యాహ్నం కొందరిని, చివరికి పొద్దు గూకడానికి గంట ముందు మరికొందరిని పిలుచుకొచ్చాడు. సాయంత్రం అందరికీ ఒకే కూలి! పొద్దుటినుంచీ ఎండలో మాడినవాళ్ళు సణిగారు.

"ఇది న్యాయమేనా సార్?" అన్నాడు మా విద్యార్థి ఒకడు.

తీర్పు చెప్పేముందు మా శామీర్‌పేట వైపు పొద్దున్నే కూలీల అడ్డా చూడాలి. మేస్త్రి వచ్చి కండగలవాళ్ళను ఏరుకుపోతాడు. మిగిలేది ముసలివాళ్ళూ, చంటిపిల్లల తల్లులూ. వాళ్ళు సోమరులు కారు. కథలోని చివరివాళ్ళు చెప్పిన జవాబు కూడా, తమనెవరూ పనికి పిలవలేదనే. దేనారమంటే ఆనాటి ఒక రోజు కూలి. అందులో పన్నెండో వంతు చేతిలో పెడితే లెక్క సరిపోతుంది, పొయ్యి వెలగదు.

మాకు వాయవ్యాన మెదకులో పెద్ద చర్చి ఉంది. వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ కట్టించగా 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. అప్పటి కరువులో జనానికి ఆ కట్టడంలో పని చూపించి కూడు పెట్టాడని ప్రతీతి. వచ్చినవారు ఎత్తైన గోపురాన్నీ, రంగుటద్దాల కిటికీలనూ మెచ్చుకుంటారు. నా మనసు ఆ కూటి దగ్గరే ఆగుతుంది. కూడు పెట్టి మతంలో కలుపుకున్నారనే విమర్శా మిషనరీల మీద ఉన్నదే. కొట్టిపారేయదగ్గ ప్రశ్న కాదది. అయితే కథలోని యజమాని మాత్రం ఎవరి కులగోత్రాలూ అడగలేదు.

ఇంకొక సంగతి. ముందొచ్చినవాళ్ళకు ఒప్పుకున్న కూలి పూర్తిగా ముట్టింది. వాళ్ళ బాధల్లా పక్కవాడికీ అంతే ముట్టిందని.

పనిమనిషి జ్వరపడి నాలుగు రోజులు రాకపోతే, జీతంలో కోత పెట్టాలా వద్దా అన్న చర్చ మన ఇళ్ళలో వస్తూనే ఉంటుంది. లెక్క ప్రకారం కోయవచ్చు. కోసేముందు, ఆ నాలుగు రోజులూ ఆ ఇంట్లో ఏం వండుకున్నారో ఒక్కమాట అడిగి చూడండి.