పెద్దోళ్ల చదువుకు పెద్దోళ్ల పాఠం కావాలె

ఓపెన్ స్కూల్‌లో పదో తరగతి కట్టిన అక్కలకు, అన్నలకు. ఇంట్లో వాళ్లకు పాఠం చెప్తున్న కొడుకులకు, బిడ్డలకు, కోడళ్లకు. సెలవు రోజుల తరగతులు తీసుకునే సార్లకు, మేడాలకు. విద్యాశాఖ, గ్రంథాలయ సంస్థల పెద్దలకు ఒక మనవి.

కోరుట్ల, మెట్‌పల్లిల్లో బీడీలు చేసే ఆడవాళ్లు, సిరిసిల్లలో సాంచాలు నడిపేవాళ్లు, గోదావరిఖని, మందమర్రి కాలనీల్లో బొగ్గుబాయి పనికి పోయేవాళ్ల ఇల్లాళ్లు, ఉట్నూరు, జైనూరు గూడేల నుంచి ఆశా పనికో అంగన్‌వాడీ పనికో ఆశపడి వచ్చినవాళ్లు ఇప్పుడు మళ్లీ పుస్తకం పడుతున్నారు. 2011 జనగణన నాటికి ఆదిలాబాద్ జిల్లాలో ఆడవాళ్ల అక్షరాస్యత సుమారు 51 శాతం, కరీంనగర్‌లో సుమారు 55 శాతం. 2016లో ఈ రెండు జిల్లాలు ముక్కలై పేర్లు మారాయి గానీ, ఏడో తరగతిలోనే బడి మానేసిన ఆడపిల్ల ఏ జిల్లా కిందికి పోయినా ఆమె చదువు మాత్రం ఏడు దగ్గరే ఆగింది. ఇలాంటివాళ్లకు ఓపెన్ స్కూల్ మంచి దారే చూపింది. పదో తరగతికి పద్నాలుగేళ్లు నిండితే చాలు, పైన వయసు అడ్డం లేదు. పరీక్షలు ఏడాదికి రెండుసార్లు ఉంటాయి. ఒక్కో సబ్జెక్టు ఒక్కోసారి గట్టెక్కినా సరే. రోజూ బడికి పోయే పని లేదు, సెలవు రోజుల తరగతులు తప్ప చదువంతా ఇంట్లోనే. దీన్ని పెట్టినవాళ్లకు దండం పెట్టాల్సిందే.

మా పేచీ తెలుగు పాఠంతోనే.

లెక్కలకు, సైన్సుకు వయసు తేడా లేదు. త్రిభుజం పదిహేనేళ్ల పిల్లకూ నలభై ఏళ్ల తల్లికీ ఒక్కటే. సాహిత్యం అట్లా కాదు. అప్పు ఎగ్గొట్టినవాణ్ణి చూసి, బిడ్డను అత్తగారింటికి పంపి, మొగుడు దుబాయికి పోతే నాలుగేళ్లు ఇల్లు నెట్టుకొచ్చి, చావులు చూసి వచ్చిన మనిషి పద్యం చదివే తీరు వేరు. ఆమె చేతిలో పిల్లల కోసం కట్టిన పాఠాన్నే పెట్టి, పిల్లలను అడిగే ప్రశ్నలే అడుగుతున్నాం. ఆమె ఆగేది తెలివి తక్కువై కాదు. ఇరవై ఏళ్లు కలం పట్టని చెయ్యి నెమ్మదిగా కదులుతుంది, ఒత్తులు తడబడతాయి, మూడు గంటలు ఒక్కచోట కూర్చుని రాయడం అలవాటు తప్పింది. వీటికి అభ్యాసం కావాలి. మనం అభ్యాసం ఇవ్వకుండా గైడు ఇస్తున్నాం. ‘ఈ పది ప్రశ్నలు బట్టీ పట్టు, పాసైతవు’ అంటున్నాం. ఆమె పట్టేస్తుంది, పాసవుతుంది కూడా. ఆ తరువాత జన్మలో తెలుగు పుస్తకం ముట్టదు.

కోరుట్ల దిక్కున ఒక ఇంట్లో చూసింది చెప్తాం. ఆమె ఒళ్లో చాట, చాటలో కత్తిరించి పెట్టుకున్న తునికాకు, ఓ పక్కన తంబాకు. గోడకు ఆనించి శతక పద్యాల పేజీ. ధర్మపురి శేషప్ప కవి నరసింహ శతకంలోని సీస పద్యం అది. ఆమె అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ రెండు పాదాలు పోయేసరికి అలసిపోయి ‘నాతోని కాదు’ అన్నది. పక్కన కూర్చున్న కోడలు పుస్తకం తీసుకుని రాగం తీసి చదివింది. మూడో పాదానికి అత్త బీడీ చుట్టడం ఆపి తలెత్తింది. ‘ఓసీ, గిది మా మామ భజనల పాడేది గదా! రాస్తె గిట్లుంటదా?’ మిగతా పద్యం పుస్తకం చూడకుండా తానే అప్పజెప్పింది. శేషప్ప గోదావరి ఒడ్డున ఉన్న ధర్మపురి మనిషి. కోరుట్ల నుంచి ధర్మపురికి జాతరకు పోని ఇల్లు ఉండదు. కొత్తగా నేర్చుకోవాల్సిన పద్యమే కాదది, ఆమె నోట్లో ఉన్నదే. నోట్లో ఉన్నదానికీ కాగితం మీద ఉన్నదానికీ దారి చూపడమే ఇక్కడి పంతులు పని. గైడుకు ఆ దారి తెలువది.

ఓపెన్ స్కూల్‌కు వేరే పుస్తకం ఉన్నా, పిల్లలు చదివి అటక మీద పడేసిన రెగ్యులర్ పదో తరగతి వాచకం చాలా ఇండ్లల్లో దొరుకుతుంది. ఉదాహరణలు దానిలోంచే ఇస్తున్నాం. తెలంగాణ వచ్చినంక తయారైన ఆ వాచకంలో మన దిక్కువాళ్లు బాగానే ఉన్నారు. ఆదిలాబాద్ సామల సదాశివ గారి ‘ఎవరి భాష వాళ్లకు వినసొంపు’ వ్యాసం ఉంది. జగిత్యాల అలిశెట్టి ప్రభాకర్ ‘నగరగీతం’ ఉంది. హనుమాజీపేట సి. నారాయణరెడ్డి గారి ‘జీవన భాష్యం’ ఉంది. వీటితో పాటు పోతన రాసిన బలి చక్రవర్తి దానం, శ్రీనాథుడి ‘భిక్ష’ ఉన్నాయి. పుస్తకంతో మాకు తగాదా లేదు. దాన్ని పెద్దోళ్ల చేతికి ఇచ్చే తీరుతోనే తగాదా.

‘భిక్ష’ తీసుకోండి. ఊరంతా తిరిగినా పిడికెడు అన్నం దొరకని వ్యాసుడు కాశీ నగరాన్నే శపించబోతాడు. ఒక పెద్ద ముత్తయిదువ వచ్చి, ఇదేం బుద్ధి అని మందలించి, శిష్యులతో సహా భోజనానికి రమ్మంటుంది. పదిహేనేళ్ల పిల్లవాడికి ఇది ప్రతిపదార్థాల అడవి. ఆకలి మీద ఇంటికొచ్చి కంచం విసిరికొట్టే మొగోణ్ణి ఎట్లా శాంతపరచాలో తెలిసిన ఆడమనిషికి ఇందులో వివరించాల్సింది ఏముంది? ‘ఆ ఇల్లాలు ముందు తిట్టి తరువాత అన్నం పెట్టింది ఎందుకు? ముందు అన్నం పెట్టి ఉంటే ఏమయ్యేది?’ అని అడిగి చూడండి. అరగంట మాట్లాడుతుంది. ఆ మాట్లాడిందే కాగితం మీద పెట్టిస్తే పరీక్ష జవాబు తయారు. బలి చక్రవర్తి పాఠమూ అంతే. గురువు వద్దంటున్నా ఇచ్చిన మాట కోసం సర్వం పోగొట్టుకోవడం మంచిదా కాదా అనేది షూరిటీ సంతకం పెట్టి ఇబ్బంది పడ్డ మనిషికి కథ కాదు, నిన్నటి సంగతి.

అందుకని మేము అడిగే మొదటి మార్పు వరుసది. పుస్తకం ఒకటో పాఠం నుంచి మొదలైతే పెద్దోళ్లు ఒకటో పాఠంలోనే ఆగిపోతారు, ఎందుకంటే మొదటిది ప్రాచీన పద్యం. సదాశివ గారి వచనంతో మొదలుపెట్టాలి. ఎదురుగా కూర్చుని ముచ్చట చెప్పినట్టు ఉంటుంది ఆయన రాత, గట్టిగా చదివితే నోటికి తడబాటు ఉండదు. తరువాత అలిశెట్టి. ఆయన జగిత్యాలలో ఫొటో స్టూడియో పెట్టి బతికాడు, తరువాత కరీంనగర్, ఆ పైన హైదరాబాదు పోయి 1993లో ముప్పై తొమ్మిదేళ్లకు క్షయతో చనిపోయాడు. చిన్న చిన్న పంక్తులు, ఒక్కో పంక్తికి ఒక్కో దెబ్బ. రాయడం మరిచిన చేతికి ఆ పొడవు సరిగ్గా సరిపోతుంది. నాలుగు పంక్తులు చూసి రాసుకున్నా ఒక కవిత మొత్తం రాసినట్టే. శతకం మూడో స్థానంలో రావాలి, అదీ ముందు చెవికి, తరువాత కంటికి. పోతన, శ్రీనాథుడు చివర. అప్పటికి చెయ్యి తిరిగి ఉంటుంది, నోరూ తిరిగి ఉంటుంది.

రెండోది, ఒక పలుచని తోడు పుస్తకం. వయోజనుల పుస్తకం అనంగనే మన దగ్గర ఒక మూస ఉంది. మరుగుదొడ్డి కట్టుకో, పొదుపు చెయ్యి, పిల్లలకు టీకాలు వేయించు. ఇవన్నీ మంచి మాటలే. కానీ ముప్పై ఏళ్లు సంసారం ఈదినామెకు పొదుపు గురించి పాఠం చెప్పడం, ఆమె కష్టాన్ని ఆమెకే ఉపన్యాసంగా తిరిగి వినిపించడం. ఆమెకు కథ కావాలి. పి.వి. నరసింహారావు గారు 1949లో కాకతీయ పత్రికలో రాసిన ‘గొల్ల రామవ్వ’ కథ ఉంది. నిజాం పోలీసుల నుంచి ఒక యువకుణ్ణి కాపాడిన ముసలమ్మ కథ. దేశానికి ప్రధాని అయిన మనిషి, అప్పటి కరీంనగర్ జిల్లా వంగర బిడ్డ, కథ రాస్తే కథానాయిక ఒక ముసలమ్మ. మన చదువరులు ఈ కథ వినకుండానే పదో తరగతి దాటిపోతే ఎట్లా? సింగరేణిలో పని చేస్తూ కథలు రాసిన తుమ్మేటి రఘోత్తమరెడ్డి ఉన్నాడు. మంథని దిక్కు పల్లెల బతుకును రాసిన అల్లం రాజయ్య ఉన్నాడు. సాహుతో కలిసి ఆయన రాసిన ‘కొమురం భీము’ నవల నుంచి నాలుగు పేజీలు తీసి ఇస్తే కెరమెరి, జైనూరు మనుషులు తమ ఊరి గుట్టలను పుస్తకంలో చూస్తారు. రాజకీయం ఎక్కువైందని కొందరు సణుగుతారని తెలుసు. చదివేది ఓటు హక్కు వచ్చి ఏండ్లు గడిచినవాళ్లు, తూచుకునే శక్తి వాళ్లకుంది.

గోండి, కొలామి ఇంటి భాషగా ఉన్నవాళ్ల సంగతి ఇంకో మెట్టు పైది. వాళ్లకు తెలుగు సాహిత్యం రెండో భాష సాహిత్యం. దీనికి కొత్తగా కమిటీ వేయక్కర లేదు, దారి మన జిల్లాలోనే వేసి ఉంది. గోండు వీరుడు కొమురం భీము 1940లో జోడేఘాట్‌లో చనిపోయిన తరువాత నిజాం సర్కారు పంపగా వచ్చిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ పూనికతో, 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం పెట్టారు. అక్కడ అక్షరాలు దిద్దింది వయసొచ్చిన యువకులు. వాళ్ల కోసం గోండి వాచకాలు తయారు చేయించారు, దేవనాగరి లిపిలో. తెలిసిన భాషలో తెలిసిన కథ చదివి, ఆ పైన తెలియని భాషకు పోవడం ఆ పద్ధతి. ఎనభై ఏళ్ల కిందట అడవి మధ్యలో సాధ్యమైనది ఇప్పుడు మండల కేంద్రంలో కాదంటే వినేవాళ్లు లేరు.

ఇక పరీక్ష. మేము మార్చమనేది కొన్ని ప్రశ్నలను. గైడు తెరిస్తే లేఖలంటే విహారయాత్ర గురించి మిత్రుడికి లేఖ, సెలవు కోరుతూ ప్రధానోపాధ్యాయుడికి లేఖ. నలభై ఏళ్ల బీడీ కార్మికురాలు ఏ ప్రధానోపాధ్యాయుణ్ణి సెలవు అడగాలి? పి.ఎఫ్. ఆఫీసుకు పేరులో తప్పు సరిదిద్దమని అర్జీ, పట్టాదారు పాసుపుస్తకం కోసం తహసీల్దారుకు వినతి, గల్ఫ్‌లో ఉన్న కొడుకుకు ఉత్తరం ఇచ్చి చూడండి. ప్రశ్న తేలికేమీ కాలేదు, భాష నియమాలు అవే, మార్కులు అవే. పరీక్షలో కరపత్రం రాయమని కూడా అడుగుతారు గనుక ఇప్పుడు మీ చేతిలో ఉన్న ఈ కరపత్రాన్నే నమూనాగా వాడుకోండి. బాగాలేని చోట దిద్దుకోండి, మేమేమీ అనుకోం.

ప్రమాణాలు దిగజారుతాయి అనే సార్లకు ఒక మాట. నారాయణరెడ్డి గారు సిరిసిల్లలో, కరీంనగర్‌లో చదివినప్పుడు చదువంతా ఉర్దూ మాధ్యమం. తెలుగు ఆయనకు ఎక్కువగా బడి బయట, హరికథల్లో, జానపదాల్లో, వీధి భాగోతాల్లో దొరికింది. ఆ మనిషికే 1988లో జ్ఞానపీఠం వచ్చింది. చెవి గుండా వచ్చిన తెలుగు తక్కువ తెలుగు అని అనగలమా? బతుకమ్మ పాటలు వంద నోటికొచ్చిన మనిషిని తెలుగులో ‘వెనుకబడిన అభ్యాసకురాలు’ అని రిజిస్టరులో రాయడమే దిగజారుడు.

చెవి మాట వచ్చింది గనుక చెప్తాం. 1865లో క్యూబా దేశం హవానా పట్నంలో చుట్టల కార్ఖానాల్లో ఒక ఏర్పాటు మొదలైంది. వందమంది చుట్టలు చుడుతుంటే ఒకాయన ఎత్తు పీట మీద కూర్చుని పత్రికలు, నవలలు గట్టిగా చదివేవాడు. ఆయన జీతం కార్మికులే తమ కూలిలోంచి వేసుకునేవాళ్లు. మరుసటి ఏడే సర్కారు దాన్ని నిషేధించింది, అయినా ఆ అలవాటు చావలేదు. పొగాకు చుట్టే పనికి చేతులు, కళ్లు కావాలి. చెవులు మాత్రం ఖాళీ. మన వాడల్లో నలుగురైదుగురు ఒక అరుగు మీద కూర్చునే బీడీలు చేస్తారు. టీవీ సీరియల్‌కు పోయే ఆ చెవుల్లోంచి రోజుకు అరగంట అడుగుతున్నాం. చదివేది ఎవరంటే ఇంట్లో ఇంటరో డిగ్రీయో చదివే పిల్లలు ఉన్నారు. ‘నీకు రాదు తియ్యి అమ్మా’ అనే మాట మాత్రం వాళ్లు మానుకోవాలి. ఆ ఒక్క మాటకు పుస్తకం మూసినవాళ్లు ఎంతమందో.

గ్రంథాలయాలకు కూడా ఇందులో బాధ్యత ఉంది. 1960 గ్రంథాలయ చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు కింద పోతుంది. గుడిసెకు పన్ను కట్టిన అవ్వ కూడా అది కట్టింది. శాఖా గ్రంథాలయం పొద్దున పోటీ పరీక్షల పిల్లలకు, సాయంత్రం పేపరు చదివే రిటైరైన సార్లకు పనికొస్తున్నది, మంచిదే. వారానికి ఒక సాయంత్రం మహిళా సంఘం మీటింగు అక్కడే పెట్టి, పెద్ద అక్షరాల పుస్తకాలు ఒక అలమార నిండా ఉంచితే ఆ అవ్వ సొమ్ము ఆమెకు ముట్టినట్టు. తెలుగు పుస్తకాల్లోనే కాదు, బండల మీదా ఉంది; సెలవు రోజుల తరగతుల్లో ఒక రోజు అందరూ కలిసి గంగాధర మండలం కురిక్యాల బొమ్మలగుట్టకు పోయి రావాలని కూడా మా కోరిక. పదో శతాబ్దంలో జినవల్లభుడు అనే ఆయన బండ మీద చెక్కించిన తెలుగు కంద పద్యాలు అక్కడున్నాయి. బస్సు ఖర్చు ఎక్కువ కాదు.

ఇప్పుడు చేయాల్సింది ఒక్కటే. కొత్త అడ్మిషన్లు మొదలయ్యేలోపు ప్రతి స్టడీ సెంటరు నుంచి జిల్లా విద్యాధికారికి అర్జీ పోవాలి. అందులో నాలుగు కోరికలు రాయండి. వయసొచ్చిన చదువరులకు తెలుగు పాఠాల వరుస మార్చాలి. జిల్లా రచయితల కథలతో తోడు పుస్తకం వేయాలి. లేఖ, వ్యాసం ప్రశ్నల్లో పెద్దవాళ్ల బతుకుకు సంబంధించినవి ఐచ్ఛికంగా ఇవ్వాలి. గోండి, కొలామి మాట్లాడేవాళ్లకు వాళ్ల భాషలో మొదలుపెట్టే పాఠాలు కావాలి. కంప్యూటరు దుకాణంలో టైపు చేయించకండి. పిల్లలతో రాయించకండి. ఒత్తు తప్పినా, గీత వంకర పోయినా మీ చేతితోనే రాయండి, కింద మీ పేరు, ఊరు, వయసు, ఏ తరగతిలో బడి మానేశారో రాసి సంతకం పెట్టండి. ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి, పరీక్ష ముందు మళ్లీ చూసుకోవడానికి పనికొస్తుంది.

— పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల ఇంటి చదువరులు, వాళ్లకు పాఠం చెప్పేవాళ్లు