ఆ నంబర్ ఎలా వచ్చిందో అడగండి!

ఫ్లైఓవర్ల అంచున, రైలు మార్గాల పక్కన కొన్నిచోట్ల ఎత్తైన ప్యానెళ్లు చూసే ఉంటారు. అవి నాయిస్ బ్యారియర్లు. వాహనాల రొద పక్కిళ్లలోకి పోకుండా ఆపడం వాటి పని. ఎంత ఆపుతాయో బ్రోచర్‌లో ఒక నంబర్ ఉంటుంది. దాన్ని అలాగే రిపోర్టులోకి ఎక్కించేస్తే ఇంజినీరింగ్ అయిపోయినట్టేనా? కాదంటాను.

ధ్వని ఏ కోణంలో తగిలిందన్న దాన్నిబట్టి ప్యానెల్ పనితీరు మారుతుంది. నేరుగా తగిలే శబ్దాన్ని బాగా ఆపే పలక, ఏటవాలుగా వచ్చేదాన్ని అంతగా ఆపకపోవచ్చు. అందుకే యూరప్ ప్రమాణాల్లో ఒకటి కాదు, వేర్వేరు పరీక్షలున్నాయి. ఈఎన్ 1793-1లో ప్యానెల్‌ను ప్రతిధ్వనించే గదిలో పెట్టి, అన్ని వైపుల నుంచీ శబ్దం తగిలేలా చేసి, ఎంత పీల్చుకుందో చూస్తారు. కానీ రోడ్డు మూసిన గది కాదు కదా! అందుకే ఈఎన్ 1793-5లో బ్యారియర్ ఎదుట లౌడ్‌స్పీకర్, 9 మైకుల చట్రం పెట్టి, తిరిగొచ్చే శబ్దాన్ని కొలుస్తారు. ఒక్కో మైకుకు అది ఒక్కో కోణంలో చేరుతుంది. రెండు పరీక్షల్లో ఏదీ తప్పు కాదు. అడిగిన ప్రశ్నలే వేరు.

ఈ తేడా పట్టించుకోకపోతే నష్టం ఎవరికి? గోడ వెనక నిద్రపట్టని వాళ్లకి. మన నిబంధనల్లో నివాస ప్రాంతాలకు రాత్రి పరిమితి 45 డెసిబెల్సే.

మరి మన ల్యాబుల్లో ఏం జరుగుతోంది? సీనియర్ల రికార్డు చూసి రీడింగులు దింపేస్తున్నాం. మార్కులొస్తాయేమోగానీ, కొలవడం రాదు. రేపు ఆటోమొబైల్, మెట్రో, పర్యావరణ కన్సల్టెన్సీ... ఎక్కడికెళ్లినా కావాల్సింది ఆ కొలిచే నేర్పే.

ఇవాళే మొదలుపెట్టొచ్చు. ఖాళీ గోడ ముందు ఒకవైపు స్పీకర్, రెండోవైపు అదే కోణంలో మైక్ పెట్టండి. చిన్న 'టక్' శబ్దం వినిపించి రికార్డు చేయండి. గోడకి హాస్టల్ పరుపు ఆనించి మళ్లీ చేయండి. 30, 45, 60 డిగ్రీల్లో తేడా చూడండి. నేరుగా వచ్చిన శబ్దాన్నీ, నేల నుంచి వచ్చిన ప్రతిధ్వనినీ పైథాన్‌లో వేరుచేయండి. రీడింగు ఎక్కడ తప్పిందో కూడా రాసుకోండి.

ఇంటర్వ్యూలో ప్రాజెక్టు గురించి అడిగితే ఫలితంతో ఆగకండి. అది ఎలా వచ్చిందో, ఎంతవరకు నమ్మొచ్చో చెప్పండి. అది రికార్డు దింపుకున్నవాళ్లు చెప్పలేని జవాబు.