పేరు పొందిన తెల్లని పురుగు



తొలకరి పడిన తరువాత పెరటిలో కుళ్ళుచున్న ఆకుల కుప్పను ఒకసారి పుల్లతో కదిపి చూడండి. నువ్వుగింజకంటె చిన్నవైన తెల్లని, బూడిదరంగు ప్రాణులు కొన్ని చిటుక్కున ఎగిరి కనబడకుండా పోతాయి. మనము వాటిని “పురుగులు” అని ఒక్క మాటతో సరిపెట్టుకుంటాము. చీపురుతో ఊడ్చివేస్తాము, లేక నిప్పు పెడతాము. ఆ పురుగులలో ఒకదానికి పేరు పెట్టడానికి ఎంత పని పడుతుందో, ఆ పేరువలన పొలానికి, మందు చల్లే రైతుకు ఏమి ప్రయోజనము కలిగిందో ఈ నెల ఆలోచిద్దాము.

ఈ ప్రాణిని ఆంగ్లములో స్ప్రింగ్‌టెయిల్ అంటారు. తోకలో స్ప్రింగు గలది అని అర్థము. దాని పొట్ట క్రింద రెండు పాయల చిన్న పంగ ఒకటి ముందుకు మడిచి, ఒక కొక్కెముతో పట్టి ఉంటుంది. ఆపద వచ్చినప్పుడు కొక్కెము వదులుతుంది, పంగ నేలను తన్నుతుంది, ప్రాణి గాలిలోనికి లేస్తుంది. కొన్ని జాతులకు ఈ పంగ ఉండదు. ఆరు కాళ్ళున్నా శాస్త్రవేత్తలు నేడు దీనిని కీటకములలో చేర్చడము లేదు. దీని నోటి భాగములు తలలోపల దాగి ఉంటాయి, పొట్టలో ఆరు ఖండములే ఉంటాయి, రెక్కలు ఎన్నడూ రావు. ఈ జాతులన్నిటికి కలిపి ‘కొలెంబోలా’ అనే పేరు పెట్టినవాడు ఇంగ్లాండు దేశస్థుడు జాన్ లబ్బక్. 1873లో ఆయన వీటిని గూర్చి పెద్ద గ్రంథమే వెలువరించాడు.

ఇవి ఏమి తింటాయి? ముఖ్యముగా బూజును, కుళ్ళిన ఆకును తింటాయి. రాలిన ఆకు ఎరువుగా మారే పనిలో వీటి పాలు ఉన్నది. మంచి నేలలో ఒక చదరపు మీటరు చోటులోనే 10,000కు పైగా ఉండవచ్చు. కొన్నిచోట్ల 1,00,000 వరకు లెక్కించారు. అంటే మన చాప పరచినంత చోటులో ఒక పట్టణమంత జనాభా!

ఇక అసలు విషయానికి వద్దాము. యూరపులోని బెల్జియం దేశములో హాన్, రోష్‌ఫోర్ అనే చోట్ల పెద్ద గుహలున్నాయి. ఘెంట్ నగర విశ్వవిద్యాలయములోని విక్టర్ విల్లెం అనే ఆచార్యుడు ఆ గుహలలోని స్ప్రింగ్‌టెయిల్స్‌ను పరీక్షించాడు. వాటిలో ఒకటి తెల్లనిది, కన్నులు లేనిది, మూడు మిల్లీమీటర్లకు మించనిది. అంతకుముందు ఎవరూ దానిని వర్ణించలేదని ఆయన గ్రహించి, 1902లో దానికి ‘ఫోల్సోమియా కాండిడా’ అని పేరు పెట్టి ప్రచురించాడు. మొదటి మాట స్ప్రింగ్‌టెయిల్స్‌ను పరిశోధించిన అమెరికా శాస్త్రవేత్త ఫోల్సం గౌరవార్థము పెట్టినది. రెండవ మాటకు లాటిను భాషలో తెల్లనిది అని అర్థము. ఇది గుహలలోనే కాదు, మట్టిలోను, పూలకుండీలలోను లోకమంతట జీవించే ప్రాణి అని తరువాత తెలిసింది.

గుహలోని గ్రుడ్డి పురుగుకు పేరు పెడితే లోకానికి ఏమి లాభమని అప్పటివారు నవ్వినా ఆశ్చర్యము లేదు. అయితే పేరు పెట్టుట అంటే ఏమిటో ముందుగా తెలుసుకుందాము.

మొదట మట్టిలోనుండి ప్రాణిని బయటకు రప్పించాలి. 1905లో ఇటలీ దేశస్థుడు బెర్లేసె ఇందుకు ఒక గరాటును కనిపెట్టాడు. తరువాత స్వీడను దేశస్థుడు తుల్గ్రెన్ దానిమీద దీపము అమర్చాడు. గరాటులో జల్లెడ, జల్లెడమీద మట్టి, పైన దీపము. వేడికి మట్టి పైనుండి ఆరుతూ వస్తుంటే, తడిని వెదకుచు ప్రాణులు క్రిందికి దిగి, అడుగున ఉంచిన సీసాలో పడతాయి. తరువాత వాటిని మందుతో పారదర్శకము చేసి, గాజు పలకమీద అమర్చి, మైక్రోస్కోపు క్రింద చూడాలి. ఒక్కొక్క ఖండముమీద ఎన్ని రోమములు, అవి ఏ వరుసలో ఉన్నాయి, గోళ్ళకు పళ్ళు ఉన్నాయా, కన్నులు ఎన్ని, పంగ చివర ఎట్లున్నది అని లెక్కపెట్టి బొమ్మ గీయాలి. అటుపిమ్మట అంతవరకు వర్ణింపబడిన దగ్గరి జాతులన్నిటితో పోల్చాలి. ఒక్క రోమము తేడా వచ్చినా అది వేరే జాతియా, లేక ఒక్క ప్రాణిలోని లోపమా అని మరికొన్నిటిని చూచి తేల్చుకోవాలి. నేడు డి.ఎన్.ఏ. పరీక్ష కూడ తోడైనది. దానితో, ఒకే జాతి అనుకున్నవాటిలో రెండు మూడు వంశములు దాగియున్నట్టు బయటపడిన సందర్భములు ఉన్నాయి.

అంతా తేలిన తరువాత ఒక ప్రాణిని మూల నమూనాగా ఎంచి, మ్యూజియములో భద్రపరచాలి. సంఘములో బాప్తిస్మపు రిజిస్టరు వ్రాయునప్పుడు పేరు ఒక్కటే వ్రాసి ఊరుకోము గదా! తల్లిదండ్రుల పేర్లు, ఊరు, తేదీ, సాక్షుల సంతకములు కూడ ఉంటాయి. రేపు ఎవరైనా “ఇతడెవడు?” అని అడిగితే ఆ పేజీ చూపుతాము. జాతి వర్ణన కూడ అట్టిదే. ఏ ఊరిలో, ఏ తేదీన, ఎవరు సేకరించారు, నమూనా ఏ మ్యూజియములో ఉన్నది అన్నీ వ్రాయాలి. నియమము ప్రకారము మొదట ప్రచురింపబడిన పేరే నిలుస్తుంది. ఈ లెక్క 1758లో లిన్నేయస్ గ్రంథముతో మొదలైనది.

ఆదికాండము రెండవ అధ్యాయములో ఆదాము జీవులకు పేర్లు పెట్టిన సంగతి మన ఆదివారపు బడి పిల్లలకు కూడ తెలుసు. ఆ పని ఇంకా ముగియలేదని ఈ మట్టి ప్రాణులు చెప్పుచున్నవి. లోకములో నేటికి 9,000కు పైగా స్ప్రింగ్‌టెయిల్ జాతులకు పేర్లున్నాయి. పేరు లేనివి అంతకు కొన్ని రెట్లు ఉంటాయని నిపుణుల అంచనా. మన దేశములోనివాటిని గూర్చి అలహాబాదు కళాశాలలో జీవశాస్త్రము బోధించిన ఎ.డి. ఇమ్స్ 1912లో ఒక ముఖ్యమైన వ్యాసము ప్రచురించాడు. 1971లో ఎన్.ఆర్. ప్రభూ దక్షిణ భారతదేశపు నేలలోను, ఆకుచెత్తలోను ఉండే జాతులను వర్ణించాడు. ఇంతవరకు భారతదేశములో 300కు పైగా జాతులు నమోదైనవి. ఇంత విశాలమైన దేశానికి అది చిన్న జాబితాయే.

ఇక ఆ తెల్లని పురుగు కథలో రెండవ భాగము. దానిని పెంచుట సులభమని పరిశోధకులు గమనించారు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో బొగ్గుపొడి కలిపి పాత్ర అడుగున పోసి, తడిపి, కొంచెము ఈస్టు ఆహారముగా వేస్తే చాలు. నల్లని నేలమీద తెల్లని ప్రాణి చక్కగా కనబడుతుంది. పైగా ఇవన్నీ ఆడవే. వాటి కణములలో నివసించే ఒక బాక్టీరియా కారణముగా మగదానితో పని లేకుండానే గ్రుడ్లు పెడతాయి. ఇట్టి ప్రాణి పరీక్షకు అనుకూలముగా ఉంటుంది.

1999లో అంతర్జాతీయ ప్రమాణముల సంస్థ ఐ.ఎస్.ఓ. ఈ ప్రాణితో మట్టిని పరీక్షించే పద్ధతిని ప్రమాణముగా ప్రకటించింది. ఒక్కొక్క పాత్రలో కొంచెము మట్టి, అందులో 10 నుండి 12 దినముల వయస్సుగల పిల్లలు పది. కొన్ని పాత్రలలో శుభ్రమైన మట్టి, కొన్నిటిలో వేరువేరు మోతాదులలో మందు కలిపిన మట్టి. 28 దినములు గడిచిన తరువాత నీళ్ళు పోసి కలిపితే ప్రాణులు పైకి తేలుతాయి. అప్పుడు లెక్కిస్తారు. శుభ్రమైన మట్టిలో ఆ పది ప్రాణులకు కనీసము నూరు పిల్లలైనా పుట్టి ఉండాలి. మందు కలిపిన మట్టిలో ఎన్ని తగ్గినవో చూచి, ఆ మందు నేలకు ఎంత హానికరమో తేల్చుతారు. పెద్దవి బ్రతికియుండి పిల్లలు తగ్గితే, చావు కనబడకపోయినా కీడు జరుగుచున్నదని అర్థము.

ప్రియులారా, ఇక్కడ ఒక్క క్షణము ఆగండి. 1902లో ఆ వర్ణన సరిగా జరగకపోతే ఈ పరీక్ష ఎట్లు సాధ్యము? ఒక దేశములో ఒక తెల్లని పురుగుమీద, మరొక దేశములో వేరొక తెల్లని పురుగుమీద పరీక్ష చేసి, రెండూ ఒకటే అనుకుంటే లెక్కలు కలియవు. రోమములు లెక్కించి వ్రాసిన ఆ కొద్ది పుటలు ఈనాడు పురుగుమందుల కొలతకు ఆధారమైనవి.

“పురుగులు” అని అన్నిటిని ఒకే గంపలో వేస్తే ఎంత మోసపోతామో డి.డి.టి. సంగతి చెప్పుతుంది. ఆ మందు వాడిన కొన్ని నేలలలో స్ప్రింగ్‌టెయిల్స్ తగ్గలేదు, పెరిగినవి! వాటిని తినే నల్లుల వంటి సూక్ష్మ ప్రాణులు మందుకు చచ్చిపోవడమే కారణము. మొత్తము లెక్క చూచినవాడు నేల బాగున్నదనుకుంటాడు. ఒక్కొక్క జాతిని పేరుతో ఎరిగినవాడే లోపల జరిగిన నష్టమును చూడగలడు.

రైతులు అడిగే ప్రశ్న ఒకటున్నది. “ఇవి పైరుకు మేలా, కీడా?” దీనికి కూడ పేరు తెలియకుండా జవాబు లేదు. ఆస్ట్రేలియాలో ‘స్మింథూరస్ విరిడిస్’ అనే జాతి పచ్చికలోని పశుగ్రాసపు మొక్కలను తినివేస్తుంది. అయితే అమెరికాలోని అలబామాలో పత్తి మొలకలమీద జరిగిన ప్రయోగములలో వేరే జాతులు ‘రైజోక్టోనియా సొలాని’ అనే బూజును తిని, మొలకలు కుళ్ళి చచ్చుటను తగ్గించినవి. ఆ బూజు పేరు మనకు క్రొత్తగా తోచవచ్చు గాని, మన వరిలో పాముపొడ తెగులు తెచ్చేది ఆ జాతి బూజే. ఈ ప్రాణులుంటే తెగులు రాదని నేను చెప్పడము లేదు. మిత్రుడెవరో శత్రువెవరో తెలియకముందే అందరినీ కాల్చివేయడము మంచిది కాదని మాత్రమే చెప్పుచున్నాను.

ఇవి ఎక్కడివరకు వ్యాపించి ఉన్నాయో వినండి. 2010లో నల్లసముద్రము ప్రక్కన అబ్ఖాజియా కొండలలోని క్రూబెరా గుహలోనికి దిగిన యాత్రికులు 1,980 మీటర్ల లోతున కూడ స్ప్రింగ్‌టెయిల్‌ను సేకరించారు. 2012లో స్పెయిను, పోర్చుగల్ శాస్త్రవేత్తలు ఆ గుహనుండి నాలుగు క్రొత్త జాతులను వర్ణించారు. అన్నిటికంటె లోతున దొరికినదానికి ‘ప్లూటోమూరస్ ఓర్తోబలగానెన్సిస్’ అని పేరు పెట్టారు. సూర్యకాంతి ఎన్నడూ చేరని ఆ లోతున కూడ అది బూజును, కుళ్ళిన పదార్థమును తిని జీవిస్తుంది. అంత లోతులోని ప్రాణికి నేడు పేరున్నది. మన చేను గట్టుక్రింద ఉన్నవాటిలో పేరులేనివి ఉండవచ్చు. మనము ఈ వేసవిలో నిప్పు పెట్టే చెత్తలో అట్టిది ఉంటే, అది లోకమునకు తెలియకుండానే పోతుంది. పేరున్నది తగ్గితే ఎవరైనా లెక్కలో చూస్తారు. పేరులేనిది పోతే ఏడ్చేవాడు కూడ ఉండడు.

అందుచేత ఈ నెల మన కుటుంబములు మూడు పనులు చేయవచ్చు. మొదటిది, కోత అయిన తరువాత కొయ్యకాళ్ళను, ఆకులను కాల్చకుండా నేలలో కలియదున్నడమో, ఎరువుగుంటలో వేయడమో చేయండి. రెండవది, గుళికలు, మందులు చల్లేముందు వ్యవసాయాధికారి సలహా తీసుకొని, చెప్పిన మోతాదు దాటవద్దు. ప్రక్కవాడు రెండింతలు వేశాడని మనమూ వేయనక్కరలేదు.

మూడవది పిల్లలతో కలిసి చేయండి. ఒక ప్లాస్టిక్ గరాటులో దోమతెర ముక్క వేసి, దానిమీద తడి ఆకుచెత్త పిడికెడు ఉంచండి. గరాటును గాజుగ్లాసుమీద నిలిపి, గ్లాసు అడుగున తడిగుడ్డ పరచండి. పైన జానెడు ఎత్తులో పాతరకపు ఫిలమెంటు బల్బు వెలిగించండి. ఎల్.ఇ.డి. బల్బుకు చాలినంత వేడి ఉండదు. ఆకులు వేడెక్కి అంటుకోకుండా పెద్దలు దగ్గర ఉండాలి. కొన్ని గంటలు గడిచిన తరువాత తడిగుడ్డమీద ఏమున్నదో భూతద్దముతో చూడండి. రంగు, ఆకారము, ఎగిరే తీరు పిల్లలచేత నోటుబుక్కులో వ్రాయించండి. తరువాత ఆ ప్రాణులను తిరిగి ఆ మట్టిలోనే వదలిపెట్టండి.

ఒక పల్లెటూరి బిడ్డ రేపు జీవశాస్త్రము చదివి, తన ఊరి మట్టిలోని ప్రాణికి పేరు పెట్టి, వర్ణనలో తన ఊరి పేరు వ్రాస్తే, అది ఆ ఊరికి ఎంత ఘనత! దానికి కావలసిన మొదటి అర్హత పెద్ద చదువు కాదు, వంగి నిదానముగా చూచే అలవాటు. అది మన ఇండ్లలోనే మొదలు కావాలి.