సంతకం దగ్గర మన అసలు రంగు



కౌలు రైతులకు గుర్తింపు కార్డులు ఇవ్వాలని మనం చాలా ధర్నాలు చేశాం. నర్సీపట్నంలో మైకు పట్టుకుని నేనూ మాట్లాడాను. ఈ నెల నా తప్పు ఒకటి మీ ముందు పెడుతున్నాను.

నాకున్న మూడెకరాల్లో ఎకరంన్నర పల్లం ఒకాయన ఆరేళ్లుగా కౌలుకు చేస్తున్నాడు. నాకంటే పదేళ్లు పెద్ద. అయినా ఆయన నన్ను ‘బాబూ’ అంటాడు, నేను ఆయన్ని ‘నువ్వు’ అంటాను. నిరుడు తొలకరికి ముందు కార్డు కోసం కాగితం పట్టుకొచ్చాడు. ‘దసరా వెళ్ళాక చూద్దాంలే’ అన్నాను. ‘అలాగే బాబూ’ అని వెళ్ళిపోయాడు. ఆ రాత్రి మా ఇంటావిడ, ‘మీరు మైకులో చెప్పేది ఎవరికి?’ అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

భూమి పోతుందని భయమా? 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం ఆ ఒప్పందం 11 నెలలకే. భూమి మీద కౌలుదారుకు ఏ హక్కూ రాదు. ఈ మాట సభల్లో నేనే చదివి వినిపించాను. మరి నా చెయ్యి ఎందుకు ఆగింది? కార్డు ఉంటే ఆయన బ్యాంకుకు సొంతంగా వెళ్తాడు. అప్పుకీ, ఎరువుకీ నా గుమ్మంలో నిలబడక్కర్లేదు. పిలిస్తే పని మానుకుని రానక్కర్లేదు. నేను పోగొట్టుకుంటానని భయపడింది ఆ ‘బాబు’తనాన్నే.

కోతల వేళ వానకు వరి పడిపోయింది. కార్డు లేదు కాబట్టి నష్టం నా పేరునే రాశారు. ఆ డబ్బు ఎప్పుడొచ్చినా ఆయనకే ఇస్తానని చెప్పాను. అయినా ఇచ్చేవాణ్ణి నేను, చెయ్యి చాపేవాడు ఆయన. హక్కుగా అందవలసింది నా దయ అయిపోయింది.

మన ప్రాంతానికి ఇది కొత్త కాదు. వందేళ్ల కిందట నర్సీపట్నం నుంచి మన్యానికి రోడ్డు వేసేటప్పుడు గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనులతో సరైన కూలి ఇవ్వకుండా పని చేయించాడు. 1922లో అల్లూరి సీతారామరాజు తిరుగుబాటుకు అదీ ఒక కారణం. కృష్ణదేవిపేటలో ఆయన సమాధి మీద పూలు వేసి వచ్చి, మన గుమ్మంలో నిలబడ్డ కౌలుదారును ‘తర్వాత రా’ అంటున్నాం.

చట్టం కూడా ఈ పెత్తనానికే తోడయింది. 2011 చట్టంలో రెవెన్యూ వాళ్ళు విచారించి కార్డు ఇచ్చేవారు, యజమాని సంతకం అడిగేవారు కాదు. 2019లో ఆ సంతకం తప్పనిసరి చేశారు. సాగు చేసేవాడెవరో ఊరంతటికీ తెలుసు. అయినా ఆ మాట చెప్పే అధికారం ఒక్క యజమాని చేతిలో పెట్టారు.

ఈ ఏడాది తొలకరికి ముందే నేను సంతకం పెట్టాను. మొన్న ఆయన నాతో మాట మాత్రం చెప్పకుండా బ్యాంకుకు వెళ్ళొచ్చాడని తెలిసింది. నిజం చెబుతున్నాను, మనసులో కొంచెం గుచ్చుకుంది. ఆ గుచ్చుకోవడం ఉన్నన్నాళ్ళూ నాలో పాత కామందు బతికే ఉన్నట్టు లెక్క.

సంతకం నిబంధన ఎత్తేయాలని ప్రభుత్వాన్ని అడుగుదాం. దానికి ముందు, భూమి కౌలుకిచ్చిన మన సంఘ సభ్యులందరూ, కమిటీ వాళ్ళు మొదటగా, సంతకాలు పెట్టాలి. వచ్చే మండల సమావేశంలో ఎవరు పెట్టారో, ఎవరు పెట్టలేదో పేరుపేరునా చదువుదాం. కౌలు రైతుల్ని ముందు వరసలో కుర్చీల్లో కూర్చోబెట్టి మరీ చదువుదాం.