నడిచింది చాలు, ఇక ఆడనివ్వండి

అరవై దాటినవాడికి మన దగ్గర సలహాలకు కొదవ లేదు. అన్నీ కలిపి వడగడితే చివరికి మిగిలేది ఒక్కటే మాట: "రోజూ కాసేపు నడవండి సార్." బీపీ ఉందా, నడవండి. షుగరా, నడవండి. నిద్ర పట్టడం లేదా, కోడలితో పడటం లేదా, పింఛను ఫైలు కదలడం లేదా, నడవండి. డాక్టరూ అదే చెబుతాడు, పొద్దున్నే వాట్సాప్‌లో గులాబీ పువ్వు పంపే బావమరిదీ అదే చెబుతాడు. వినీ వినీ మా తరం మొత్తం తెల్లారేసరికి రోడ్డున పడుతోంది. నడక మీద నాకేం కక్ష లేదు. ముసలివాళ్లకు నడక తప్ప ఇంకేదీ తగదని తీర్మానించేశారే, ఆ తీర్మానం మీదే నా కోపం.

ఈ వారం ఆ కోపం నషాళానికి అంటింది. మా పేటలో ఒక హైస్కూలు మైదానం ఉంది. ఏళ్ల తరబడి అక్కడ తెల్లవారుజామున పెద్దవాళ్లు బాల్ బ్యాడ్మింటన్ ఆడుతున్నారు. మొన్న గేటుకు కొత్త తాళం పడింది, దాని పక్కన ఫ్లెక్సీ వెలిసింది. మైదానాన్ని బాక్స్ క్రికెట్‌కి లీజుకిచ్చేశారట. చుట్టూ నైలాన్ వల, కింద ప్లాస్టిక్ గడ్డి, నాలుగు మూలలా ఫ్లడ్‌లైట్లు. గంటకు వెయ్యి రూపాయలు, శని ఆదివారాల్లో ఇంకా ఎక్కువ. పొద్దున పూట ఎవరూ బుక్ చేసుకోరు కదా, ఆ రెండు గంటలూ ఓ మూల మమ్మల్ని ఆడుకోనివ్వమని మావాళ్లు అడిగితే, కౌంటర్లో కూర్చున్న కుర్రాడు చాలా మర్యాదగా అన్నాడు: "ఈ వయసులో మీకెందుకు అంకుల్ రిస్కు? హాయిగా బయట వాకింగ్ చేసుకోండి."

తిట్టినా బాగుండేది.

బాల్ బ్యాడ్మింటన్ సంగతి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పాలి. తంజావూరులో పుట్టి మన దగ్గర పెరిగిన ఆట ఇది. పసుపు రంగు ఊలు బంతి, జట్టుకు ఐదుగురు, 24 మీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పు కోర్టు. పైన కప్పు అక్కర్లేదు, కింద చెక్క నేల అక్కర్లేదు. రెండు గుంజలు పాతి, నెట్ కట్టి, సున్నంతో గీతలు గీస్తే ఆట మొదలు. ఈకల షటిల్‌కి గాలి పడదు గానీ ఊలు బంతి గాలికి లొంగదు. మంచు కురిసిన పొద్దుల్లో మాత్రం తడిసి బరువెక్కుతుంది, అప్పుడు బ్యాటు గట్ మీద పడే చప్పుడే మారిపోతుంది. పాత ఆటగాడు ఆ చప్పుడు విని, బంతిని లుంగీ అంచుకు తుడిచి, సర్వీసు చేస్తాడు.

ఐదుగురి ఆట కావడమే దీని సొగసు. ఒకప్పుడు మెరుపులా కదిలినవాడు మోకాలు మొరాయిస్తే వెనక లైను వదిలి ముందుకు వస్తాడు. చూపు మందగించినవాడికి మూల అప్పగిస్తారు. సెంటర్లో నిలబడేవాడికి మాత్రం కాలూ కన్నూ రెండూ చురుగ్గా ఉండాలి, ఆ జాగా కోసం పెద్ద పెద్దవాళ్లు అలుగుతారు. మా మైదానంలో రిటైరైన తహసీల్దారుగారు నెట్ దగ్గర ఒక బంతి వదిలేస్తే, వెనక నుంచి ఆర్టీసీ కండక్టరుగా పనిచేసినాయన "ఏం బావా, సంతకం పెట్టడం మర్చిపోయావా?" అని అరుస్తాడు. తహసీల్దారుగారు కిమ్మనరు. కొలువులో ఉన్నన్నాళ్లూ ఆయన ఎదుట అలా మాట్లాడినవాడు లేడు. ఆ అరుపు కోసమే ఆయన రోజూ చీకటితో లేచి వస్తారని నా నమ్మకం. ట్రాక్ మీద చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఎవరి మానాన వాళ్లు తిరిగేవాళ్లకు ఈ అరుపు ఎక్కడ దొరుకుతుంది?

ముచ్చట్లు కావు, లెక్కలు కావాలంటారా? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాలున్నాయి. 65 దాటినవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరుగా శ్రమించాలన్న వాక్యాన్ని అందరూ వల్లిస్తారు. దాని కిందే ఇంకో మాట ఉంది: తూలి పడకుండా నిలదొక్కుకునే వ్యాయామం, కండకు బలమిచ్చే వ్యాయామం వారంలో కనీసం మూడు రోజులు చేయాలి. ఈ మాట మనవాళ్లు మింగేస్తారు. సాఫీగా ఉన్న దారిలో ఒకే తీరున నడిస్తే తూకం ఎక్కడిది? పక్కకు జరగడం, చటుక్కున ఆగడం, వంగి లేవడం, వెనక్కి రెండడుగులు వేసి చెయ్యెత్తడం, ఇవన్నీ ఆటలో అడక్కుండానే వస్తాయి. మనవాళ్లు మంచం పట్టేది ఎక్కువగా బాత్రూంలో జారిపడి. ఆ జారే క్షణంలో కాలు ఎటు వెయ్యాలో చెప్పేది సెల్‌ఫోన్లో అడుగుల లెక్క కాదు. రోజుకు పది వేల అడుగులన్న ఆ లెక్క మటుకు ఏ వైద్యుడి నోట పుట్టింది గనక? 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే యంత్రాన్ని అమ్ముకోవడానికి పెట్టిన పేరులోంచి పుట్టింది.

డెన్మార్క్‌లో, కోపెన్‌హాగన్ నగరంలో, ఎనిమిదిన్నర వేల మందిని పాతికేళ్ల పాటు గమనించి 2018లో ఒక లెక్క తేల్చారు. కదలకుండా కూర్చునేవాళ్ల కంటే జాగింగ్ చేసేవాళ్లు 3.2 ఏళ్లు ఎక్కువ బతికారు, ఈతగాళ్లు 3.4, బ్యాడ్మింటన్ ఆడేవాళ్లు 6.2, టెన్నిస్ ఆడేవాళ్లు 9.7. అంటే పక్కన మనిషి, ఎదుట మనిషి ఉన్న ఆటలే పైన నిలిచాయి. ఆడటం వల్లే ఆయుష్షు పెరిగిందని గట్టిగా చెప్పలేమని ఆ పరిశోధకులే ఒప్పుకున్నారు. అంత నిదానం వాళ్లకుండొచ్చు, నాకు లేదు.

"మోకాళ్లు అరిగిపోతాయండీ" అనేది తరువాతి అస్త్రం. అదేదో స్కూటర్ టైరన్నట్టు! ఊరి పొలిమేర నుంచి బస్టాండు దాకా మోకాలి చిప్పల మార్పిడి హోర్డింగులే కనిపించే రాష్ట్రాల్లో ఈ భయం పుట్టకపోతేనే ఆశ్చర్యం. పరుగు మీద జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి 2017లో ఒక లెక్క కట్టారు. సరదాకి పరుగెత్తేవాళ్లలో తుంటి, మోకాలి కీళ్ల అరుగుదల 3.5 శాతం మందిలో ఉంటే, కూర్చుని గడిపేవాళ్లలో 10.2 శాతం మందిలో ఉంది. పతకాల కోసం పరుగెత్తేవాళ్ల లెక్క వేరే ఉంది, అది ఇంకా ఎక్కువే. మా బాల్ బ్యాడ్మింటన్ బృందంలో ఒలింపిక్స్‌కి వెళ్లేవాళ్లెవరూ లేరు కాబట్టి అది మనకి అక్కర్లేదు. గుండెకు స్టెంటు వేయించుకున్నవాడూ, ఇరవై ఏళ్లుగా బ్యాటు పట్టనివాడూ ముందు డాక్టర్ని అడిగి, మెల్లగా మొదలుపెట్టాలి. ఆ మాట ఎవరైనా చెబుతారు, నేనూ చెబుతున్నాను.

వాకర్స్ క్లబ్బుల మిత్రులు నొచ్చుకుంటారని తెలుసు. నొచ్చుకోనీ. అధ్యక్షుడు, గౌరవాధ్యక్షుడు, కార్యదర్శి, సంయుక్త కార్యదర్శి, వాళ్ల ప్రమాణ స్వీకారం, ముఖ్య అతిథి, శాలువా, దండ, గ్రూపు ఫొటో. నడిచేది రెండు రౌండ్లు, ఆనక గేటు బయట ప్లేటు ఇడ్లీ, రెండు గారెలు. ఊళ్లో అంత పలుకుబడి ఉన్న సంఘం ఏనాడైనా ఒక మైదానం కోసం అర్జీ పట్టుకుని కమిషనర్ ఆఫీసు మెట్లెక్కిందా?

పైగా నడవమంటున్నది ఎక్కడ? ఫౌజా సింగ్ పేరు చాలామంది వినే ఉంటారు. జలంధర్ దగ్గర పుట్టి ఇంగ్లండ్‌లో స్థిరపడిన మనిషి. 89 ఏళ్లకు లండన్‌లో తొలి మారథాన్ పరుగెత్తాడు. 2011లో, నూరేళ్ల వయసున టొరంటోలో 42 కిలోమీటర్లూ పూర్తిచేశాడు. 2025 జులైలో, 114 ఏళ్ల వయసులో, స్వగ్రామంలో రోడ్డు మీద నడుస్తుండగా వాహనం ఢీకొని చనిపోయాడు. ఆ చావు వయసు వల్ల రాలేదు, గుండె వల్ల రాలేదు, మన రోడ్డు వల్ల వచ్చింది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన పాదచారులు 32,825 మందని కేంద్రం చెప్పిన లెక్కే. మా పేటలో ఫుట్‌పాత్ మీద వరసగా ట్రాన్స్‌ఫార్మరు, టిఫిన్ బండి, ఎవరిదో బుల్లెట్టు, నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీకి పాతిన సర్వీ కర్ర ఉంటాయి. ముసలాయన విధిలేక తారురోడ్డు మీదికి దిగుతాడు. వెనక స్కూలు బస్సు. ఇదీ "హాయిగా బయట వాకింగ్."

మైదానాలేమైనా చెక్కుచెదరకుండా ఉన్నాయా అంటే, ఆటకు తప్ప అన్నిటికీ పనికొస్తున్నాయి. దీపావళికి టపాసుల దుకాణాలు, సంక్రాంతికి ఎగ్జిబిషన్, ఆపైన బహిరంగ సభ. ముఖ్యమంత్రి వస్తున్నారంటే కాలేజీ గ్రౌండులో హెలిప్యాడ్. సభ అయిపోయాక కంకర, మేకులు, తెగిన బ్యారికేడ్ ముక్కలు అక్కడే వదిలిపోతారు. ఆ మేకులు ఏరుకునేది పొద్దున్నే బ్యాట్లు పట్టుకొచ్చే మావాళ్లే.

పాత రోజుల్లో మైదానం లేని హైస్కూలు ఉండేది కాదు, డ్రిల్లు మాస్టారి విజిల్ లేని సాయంత్రం ఉండేది కాదు. ఇవాళ్టి అరవై ఏళ్లవాళ్లు కనీసం బ్యాటు ఎలా పట్టాలో ఎరిగినవాళ్లు, చేతికి బ్యాటిస్తే ఒళ్లే గుర్తు చేసుకుంటుంది. మా మనవల సంగతి చూడండి. పదో తరగతి కాగానే కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో పడేస్తాం. నాలుగంతస్తుల బిల్డింగు, కింద సెల్లార్, పైన రేకుల షెడ్డు. పొద్దున స్టడీ అవర్, రాత్రి స్టడీ అవర్, ఆదివారం పరీక్ష. ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్లోనే రాసి ఉంది. కాగితం మీద అది ఉంది, నేల మీద కారు పార్కింగ్ ఉంది. పదహారేళ్లకు బంతి ముట్టని పిల్లాడు నలభై నాలుగేళ్లు కుర్చీలో కూర్చుని, అరవై నిండాక ఏ ఆట ఆడతాడు? వాడికి నడక కూడా కష్టమే. తల్లిదండ్రులారా, ర్యాంకు ఫ్లెక్సీ చూసి ఫీజు కట్టేముందు ఒక్కసారి "గ్రౌండ్ ఎక్కడండీ?" అని అడగండి. పీఆర్వో ముఖం ఎలా మారుతుందో చూడటానికైనా అడగండి.

ఆడవాళ్ల ఊసెత్తితే ఇంకా సిగ్గుపడాలి. యాభై అరవై దాటిన ఎంతమంది అక్కయ్యలూ వదినలూ హైస్కూల్లో టెన్నికాయిట్ ఆడారో అడిగి చూడండి. రబ్బరు రింగును ఒంటి చేత్తో అందుకుని, అదే చేత్తో విసరాలి. అందుకోవడంలో వాళ్లను మించినవాళ్లు లేరు. పెళ్లయిన మర్నాటి నుంచి ఆ చేతికి గరిటె తప్ప ఇంకోటి అందలేదు. మొగుడు రిటైరై బ్యాటు పట్టుకుని వెళ్తే "పోన్లే, ఆరోగ్యం" అంటారు. పెళ్లాం రింగు పట్టుకుంటే "ముసలమ్మకి ఈ సరదాలేమిటి" అని కన్న కొడుకే నవ్వుతాడు. హర్యానా పల్లె నుంచి వచ్చిన భగవానీ దేవి 2022లో ఫిన్లాండ్‌లోని టాంపెరేలో, 94 ఏళ్ల వయసున, ప్రపంచ మాస్టర్స్ పోటీల్లో 100 మీటర్లు 24.74 సెకన్లలో పరుగెత్తి బంగారు పతకం తెచ్చింది. టీవీలో చూసి చప్పట్లు కొట్టిన కొడుకుల్లో ఎంతమంది సాయంత్రం అమ్మ చేతికో రింగు కొనిచ్చారు?

రాష్ట్రంలో వృద్ధులు పెరిగిపోతున్నారు, పిల్లల్ని కనండి అని పెద్దలే పిలుపునిస్తున్నారు. స్థానిక ఎన్నికల్లో పోటీకి ఇద్దరు పిల్లల నిబంధనను కూడా 2024లో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఎత్తేసింది. సరే, కనేవాళ్లు కంటారు. వాళ్లు ఎదిగి పన్నులు కట్టేలోపు, ఉన్న ముసలివాళ్లు మంచం ఎక్కకుండా ఉంటే ఖజానాకు ఎంత మిగులుతుందో ఆర్థిక శాఖవాళ్లు ఒక్కసారి లెక్క కడితే బాగుంటుంది. ఆట కూడా ఆరోగ్య పథకమే, దానికి కార్డు అక్కర్లేదు, నెట్‌వర్క్ ఆస్పత్రి అక్కర్లేదు.

బాల్ బ్యాడ్మింటన్‌కు 1970లోనే అర్జున అవార్డు తెచ్చిన జమ్మలమడక పిచ్చయ్యగారు వరంగల్లో నూరేళ్లు దాటి బతికి 2021 చివర్లో కన్నుమూశారు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎన్ని ఊళ్లలో ఆయన ఆడిన ఆటకు ఇప్పుడు ఒక్క కోర్టయినా మిగిలి ఉందో క్రీడా శాఖలు చెప్పాలి.

కలెక్టర్లకూ, మున్సిపల్ కమిషనర్లకూ, డీఈఓలకూ ఒక విన్నపం. ప్రభుత్వ పాఠశాలల మైదానాలు పొద్దున ఐదు నుంచి బడి గంట దాకా ఖాళీగానే ఉంటాయి. ఆ గేట్లు మాకు తెరిపించండి. బడ్జెట్ అడగడం లేదు, శంకుస్థాపన అక్కర్లేదు, రిబ్బన్ కత్తిరించడానికి మీరు చీకటితో లేవనక్కర్లేదు. గుంజలు, నెట్, సున్నం, బంతులు మేమే తెచ్చుకుంటాం. వెళ్లేటప్పుడు ఊడ్చి వెళ్తాం. తాళంచెవి వాచ్‌మన్ దగ్గర ఉంచమని ఒక్క సర్క్యులర్ ఇవ్వండి.