మరమ్మతుల మేస్త్రీకి కాగితమే రక్ష

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న సామెత యజమాని అగచాట్లనే చెబుతుంది. ఆ ఇంటిని బాగుచేసే మేస్త్రీ అగచాట్లు ఎవరి చెవికీ ఎక్కవు. ఢిల్లీ, ముంబయి, బెంగళూరు, హైదరాబాదు వంటి నగరాలలో పాత ఇళ్ల మరమ్మతులు చాలావరకు చిన్న కాంట్రాక్టర్ల చేతులలోనే ఉన్నాయి. ఒప్పందం నోటిమాట. లెక్క జేబులోని చిట్టీ. తగవు వచ్చిననాడు ఈ రెండూ అక్కరకు రావు.

మరమ్మతు పని స్వభావంలోనే తగవుకు బీజం ఉన్నది. స్నానాల గది గచ్చు పగలగొట్టేవరకు లోపలి గొట్టం తుప్పు పట్టిన సంగతి బయటపడదు. దుమ్ములోనే కాపురం చేస్తున్న కుటుంబానికి ఆ దశలో అదనపు ఖర్చు చెబితే కోపం రావడం సహజం. అడ్వాన్సు పుచ్చుకుని మరోచోట పనికి వెళ్లిపోయే కాంట్రాక్టర్లూ ఉన్నారు గనుక యజమాని అనుమానం పూర్తిగా నిరాధారమనీ అనలేము. ఇటువంటి కోపానికి ఎదురు కోపం మందు కాదు. లోపముంటే ఒప్పుకుని వెంటనే సరిదిద్దాలి. లేనప్పుడు కొలత చూపి వివరించాలి.

కోపాన్నే బేరానికి సాధనంగా వాడుకునేవారి సంగతి వేరు. ధర మాట్లాడకుండా ఈ అలమర, ఆ అరుగు అంటూ పని పెంచడం, చివరి వాయిదా నాడు టైల్సు వంకరగా ఉన్నాయని సొమ్ము ఆపడం, బిల్లు వద్దని మొదట తామే చెప్పి ఆనక బిల్లు లేదని బెదిరించడం వీరికి పరిపాటి. ఆగిపోయేది కాంట్రాక్టరు లాభం మాత్రమే కాదు, వారాంతాన చెల్లించవలసిన కూలీ డబ్బు కూడా. పాలమూరు నుంచో, ఒడిశా, బీహార్‌ల నుంచో వచ్చిన కూలీ నిలదీసేది మేస్త్రీనే గాని ఇంటి యజమానిని కాదు. మేస్త్రీ వడ్డీకి అప్పు తేక తప్పదు.

చట్టం చూపే దారులు ఇరుపక్షాలకూ ఒకటి కావు. వినియోగదారుల రక్షణ చట్టంలోని సేవల నిర్వచనంలో గృహనిర్మాణాన్ని 1993లో చేర్చారు. లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు కూడా అదే ఏడాది గృహనిర్మాణం సేవేనని స్పష్టం చేసింది. 1986 నాటి చట్టం స్థానంలో 2020 జూలైలో అమలుకు వచ్చిన కొత్త చట్టం కిందనూ యజమాని ఫిర్యాదు చేయవచ్చు. అది న్యాయమే. బాకీ రాబట్టుకోవలసిన కాంట్రాక్టరుకు మాత్రం ఆ వేదిక లేదు; సివిలు కోర్టుకు పోవలసిందే. ఉచితంగా చేయాలన్న ఉద్దేశం లేకుండా న్యాయసమ్మతంగా చేసిన పనివల్ల లబ్ధి పొందినవారు పరిహారం చెల్లించాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 70వ సెక్షను చెబుతున్నది. నోటి ఒప్పందమూ చెల్లుతుంది. దానిని రుజువు చేయడమే గగనం.

కనుక తగవును మొదటి రోజే నివారించుకోవాలి. ఏ గదిలో ఏ పని, ఏ రకం సరుకు, ఏ దశకు ఎంత సొమ్ము అన్నది రాసి ఇరువురూ సంతకం చేయాలి. కూల్చిన తరువాత బయటపడే లోపాలకు వేరే లెక్క అని అందులోనే చెప్పాలి. అదనపు పని ఎంత చిన్నదైనా, ధర రాసుకున్న తరువాతే తాపీ పట్టాలి. ప్రతి దశ ముగిశాక ఇద్దరూ కలిసి కొలతలు తీసుకోవాలి. సొమ్ము ఆగితే లిఖితపూర్వకంగా తెలియజేసి, ఇల్లు ప్రమాదంలో పడని స్థితికి తెచ్చి పని నిలపాలి. రాత్రికి రాత్రే సామాను సర్దుకుని పోతే న్యాయం మేస్త్రీ పక్షాన ఉన్నా తప్పు అతనిదే అవుతుంది. రాజీకి అవకాశముంటే కోర్టుకు వెళ్లకముందే వివాదాన్ని లోక్ అదాలత్ ముందు ఉంచవచ్చు.

ప్రభుత్వాలు చేయదగిన పని కూడా ఒకటున్నది. సులభమైన నమూనా ఒప్పంద పత్రాన్ని ప్రాంతీయ భాషలలో ముద్రించి మునిసిపల్ కార్యాలయాలలో అందుబాటులో ఉంచడానికి పెద్ద ఖర్చు కాదు. ఆ ఒక్క కాగితం మోసకారి కాంట్రాక్టరు నుంచి యజమానినీ, మాయమాటల యజమాని నుంచి కాంట్రాక్టరునూ కాపాడగలదు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ ఇద్దరి తగవులో ప్రమేయం లేని కూలీకి వారాంతపు కూలీ దక్కుతుంది.