పెళ్ళయినా బ్యాచిలరే

దోహా జదీద్‌లో గది వెతుక్కునేవాణ్ణి ముందుగా అడిగేది ఒకటే: ఫ్యామిలీయా, బ్యాచిలరా? ఊళ్ళో భార్య, ఇద్దరు పిల్లలు, ముసలి తల్లిదండ్రులు ఉన్నా సరే, ఒంటరిగా వచ్చినవాడు అక్కడ బ్యాచిలరే. కుటుంబాన్ని తెచ్చుకోవాలంటే ఇంత జీతం ఉండాలి, ఇలాంటి కొలువు ఉండాలి అని షరతులున్నాయి. జగిత్యాల నుంచో సిరిసిల్ల నుంచో కడప నుంచో కట్టడం పనికి, క్లీనింగ్ పనికి వెళ్ళినవాడికి అవి అందవు. అడిగేది కుటుంబం గురించే గానీ, తేలేది జీతం సంగతి.

దోహా జదీద్ అంటే అల్ దోహా అల్ జదీదా, ఖతార్ రాజధాని దోహా నడిబొడ్డున ఉన్న పాత పేట. ఒక పక్క మన్సూరా, నజ్మా. ఇంకో పక్క పాత ఇళ్ళు కూల్చేసి అద్దాల మేడలు లేపిన ముషేరిబ్. మెట్రో రెడ్ లైన్‌కు ఇక్కడ స్టేషన్ ఉంది. బెడ్ స్పేస్ అద్దెలు, మెస్సులు, మలయాళీ హోటళ్ళు, నేపాలీ దుకాణాలు, వాటి మధ్యలో మన తెలుగువాళ్ళు. ఇలాంటి పేటల్లో ఎవరు ఉండవచ్చో ఎవరు ఉండకూడదో తేల్చడం మునిసిపాలిటీ పని. మనవాళ్ళ మాటల్లో, బలదియా పని.

ఖతార్‌లో 2010 నాటి 15వ నంబరు చట్టం కుటుంబాలు నివసించే ప్రాంతాల్లో కార్మికుల బసను నిషేధించింది. 2019లో దానికి సవరణ కూడా వచ్చింది. ఏ వీధులు కుటుంబాలవో మునిసిపాలిటీ మంత్రిత్వశాఖ మ్యాపులో చూపిస్తుంది, తనిఖీకి బలదియా ఇన్‌స్పెక్టర్లు వస్తారు. కట్టిన మేడలో, తుడిచిన వీధిలో, ఆ పని చేసినవాడు రాత్రికి పడుకోకూడదు. ఊరికి దూరంగా వాడలు పెట్టిన నేల మీద పుట్టినవాళ్ళం మనం, ఈ ఏర్పాటును గుర్తుపట్టడానికి మనకు అంత కష్టం అక్కర్లేదు. 2019 చివర్లో ఖతార్ వెళ్ళి చూసిన ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధి టెండాయి అచ్యూమే కూడా, అక్కడ ఏ దేశంలో పుట్టావన్న దాన్నిబట్టి మనిషి స్థాయి తేలే తీరును కులవ్యవస్థతోనే పోల్చారు.

అధికారుల వాదన ఒకటుంది, దాన్ని తేలిగ్గా కొట్టేయలేం. ఒక్కో విల్లాను పలకలతో గదులుగా విడగొట్టి పదుల మందిని కుక్కుతారు, వైర్లు వేలాడుతుంటాయి, నిప్పంటుకుంటే బయటపడే దారి ఉండదు అంటారు. నిజమే. 2023 మార్చి 22న మన్సూరాలోని బిన్ దిర్హమ్ ప్రాంతంలో నాలుగంతస్తుల భవనం కూలితే చచ్చిపోయినవాళ్ళలో కేరళవాళ్ళున్నారు. కానీ భద్రతే లెక్కయితే గదికి ఇంతమంది, అంతస్తుకు ఇన్ని మెట్లదారులు అని రాయాలి. అది ఖతారీకి, అమెరికన్‌కి, ఆర్మూరువాడికి ఒకేలా వర్తించాలి. మనిషి కార్మికుడా కాదా అని చూసే చట్టం కప్పు బలాన్ని కొలవదు.

ప్రపంచకప్‌కు కొన్ని వారాల ముందు, 2022 అక్టోబరులో, మన్సూరా తదితర పేటల్లో డజనుకు పైగా భవనాలను ఖాళీ చేయించారని రాయిటర్స్ రాసింది. సామాను సర్దుకోవడానికి రెండు గంటల టైమిచ్చారని అక్కడ ఉన్నవాళ్ళు చెప్పారు. కప్పుకీ దీనికీ సంబంధం లేదు, పేటల పునర్వ్యవస్థీకరణలో ఇదొక భాగం అని ప్రభుత్వం చెప్పింది. అనుకుందాం. రెండు గంటల సంగతికి మాత్రం అది జవాబు కాదు.

ఇలాంటప్పుడు మన ఊళ్ళో అయితే వార్డు మెంబరు ఇంటి ముందు కూచుంటాం. దోహాలో కూచోడానికి ఇల్లే లేదు. అక్కడి సెంట్రల్ మునిసిపల్ కౌన్సిల్‌కు 29 మంది సభ్యులు. తొలి ఎన్నిక 1999 మార్చి 8న జరిగింది, మహిళా దినోత్సవం రోజున. గల్ఫ్‌లో ఆడవాళ్ళు ఓటేసి, పోటీ కూడా చేసిన ఎన్నిక అది. ఆ ఏడు నిలబడిన ఆడవాళ్ళలో ఎవరూ గెలవలేదు, 2003లో షేఖా యూసుఫ్ అల్ జుఫైరీ గెలిచారు, 2015లో ఇద్దరయ్యారు. నెమ్మదైన నడకే, కానీ నడక. అయితే ఓటు పౌరులకే. ముప్పై లక్షల జనాభాలో వాళ్ళు పదింట ఒక వంతుకు కాస్త అటూ ఇటూ. పైగా ఆ కౌన్సిల్ చేసేవి సిఫార్సులే.

ఖతార్ రాజ్యాంగం 35వ అధికరణ లింగం, జాతి, భాష, మతం కారణంగా వివక్ష కూడదంటుంది. ఆ దేశం తలుచుకుంటే చేయగలదని కూడా చూశాం. 2021 మార్చి నుంచి నెలకు 1,000 రియాళ్ళ కనీస వేతనం, బస ఇవ్వకపోతే 500, తిండి పెట్టకపోతే 300 అదనం. ఏ దేశం వాడైనా, ఇళ్ళలో పనిచేసే మనిషైనా అదే లెక్క. జీతానికి కుదిరిన సమానత్వం పక్క వేసుకునే చోటికి ఎందుకు కుదరదు? పరాయి దేశస్థులకు మునిసిపల్ ఓటివ్వడం ఊహకందని సంగతీ కాదు. స్వీడన్ 1976 నుంచే ఇస్తోంది, దక్షిణ కొరియాలో శాశ్వత నివాసులు 2006లో స్థానిక ఎన్నికల్లో ఓటేశారు.

సరే, అక్కడ ఓటు లేదు. ఇక్కడ? తెలంగాణలో 2025 డిసెంబరు 11, 14, 17 తేదీల్లో పంచాయతీ ఎన్నికలు జరిగాయి. దోహాలో డ్యూటీ చేస్తున్నవాడు తన సర్పంచును ఎన్నుకోవాలంటే విమానం ఎక్కి రావాలి. సర్పంచు పదవుల్లో సగం ఆడవాళ్ళకు కేటాయించిన రాష్ట్రం, గల్ఫ్‌లో ఉన్న తన మగవాళ్ళ ఓటు సంగతి పట్టించుకున్నట్టు కనబడదు. అన్నట్టు, బ్యాచిలర్లకు ఇల్లివ్వం అనే బోర్డు కోసం దోహా దాకా వెళ్ళనక్కర్లేదు. అమీర్‌పేట సందుల్లో తిరిగినా చాలు, అదనంగా మీరేవిట్లు అని కూడా అడుగుతారు.

ఓటు లేకపోయినా అడిగే వీలుంది. ఖతార్‌లోని తెలుగు సంఘాలు ఉగాదికీ బతుకమ్మకూ మన రాయబార కార్యాలయం పెద్దల్ని వేదిక మీదికి పిలుస్తుంటాయి. శాలువా కప్పేటప్పుడే చేతిలో ఒక వినతిపత్రం కూడా పెట్టండి. రెండు దేశాల కార్మిక చర్చల్లో జీతాలతో పాటు ఈ బస చట్టాన్నీ పెట్టమనండి. ఖాళీ చేయించే ముందు కనీసం నెల రోజుల నోటీసు, వేరే చోట గది, ఫిర్యాదు వినడానికి బలదియాలో మన భాష వచ్చిన ఒక మనిషి. మొదట ఈ మూడూ అడగండి.